కొలతల పుస్తకంలో తప్పు జవాబులు

అజీజా బేగం హాలియాలో పద్నాలుగేళ్లు జాకెట్లు కుట్టింది. ముప్పై మూడో ఏట మిషను మీద దుప్పటి కప్పి, నల్లగొండలో డీఎడ్ చదవడానికి వచ్చింది. బ్యాచి మొత్తంలో పెద్దది ఆమే. మిగిలినవాళ్లం ఇంటర్ గట్టెక్కి, ఏ దారీ తోచక, చేతిలో ఒక సర్టిఫికెట్టు ఉంటే పోలేదా అని చేరినవాళ్లం. ఆమె ఒక్కతే కావాలని వచ్చింది. ఆమె గురించి రాయాలనిపించడానికి అదొక కారణం. రెండో కారణం, ఆమె ఫైనల్ లెసన్ చెప్పిన రోజు నేను ఆ తరగతి గదిలోనే ఉన్నాను.

మా కాలేజీ ఒక ఎరువుల గోదాము మీద ఉండేది. కింద బస్తాలు, పైన మేము. బోర్డు మీద ఆరుగురు లెక్చరర్ల పేర్లు రాసి ఉండేవి. రోజూ వచ్చేది ఇద్దరు. తనిఖీ ఉందంటే ఆ పొద్దున ఆరుగురూ ఇస్త్రీ బట్టల్లో ప్రత్యక్షమయ్యేవాళ్లు, ఎవరు ఎవరో తెలుసుకోవడానికి మేం బోర్డు చూసుకునేవాళ్లం. వచ్చే ఇద్దరిలో ఒకాయన బాలయ్య సార్. ప్రాక్టీసు పాఠాలు ఆయన చేతిలో ఉండేవి. రెండో ఆమె మంజులత మేడం. చదువంటే ఏమిటి, పిల్లలు ఎట్లా నేర్చుకుంటారు అని పరిచయం చేసే మొదటి పేపరు ఆమెది. దానికి గైడు దొరుకుతుంది, ప్రశ్నలు ఏటా అవే వస్తాయి. అందుకని ఆ పేపరును ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు.

మొదటి రోజు మేడం అందరినీ ఒకే మాట అడిగింది. టీచరు ఎందుకు కావాలనుకుంటున్నారు?

"సమాజసేవ మేడం" అన్నాడొకడు. "చిన్నప్పటి సంది నా కల మేడం" అంది నిహారిక అనే అమ్మాయి. నేను దేశాన్ని కూడా లాగాను. అజీజా బేగం వంతు వచ్చింది. లేచి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"పద్నాలుగేండ్లు కూసోని కుట్టిన మేడం. నడుము పోయింది. నిలవడి చేసే పని ఏమున్నదా అని చూసిన."

క్లాసంతా గొల్లుమంది. మేడం కూడా నవ్వింది. "నిలవడి చేసే పనులు శానా ఉన్నయమ్మా. బజార్ల మక్కకంకులు కాల్చేటోళ్లు కూడ నిలవడే కాలుస్తరు. గిదే ఎందుకు?"

అప్పుడు అసలు సంగతి చెప్పింది. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చే ఆడవాళ్లు పిల్లల్ని వెంట తెచ్చుకునేవాళ్లు. ఆ పిల్లలు మిషను పక్కన కూర్చుని హోంవర్కు చేసుకునేవాళ్లు. ఈమె పెడల్ తొక్కుతూనే వాళ్ల లెక్కల వైపు ఒక కన్నేసేది.

"కొన్నొద్దులకు జాకెట్టు పని లేకున్నా పిల్లల్ని పంపుడు షురూ చేసిండ్రు మేడం. అజీజా దగ్గర కూసుంటే లెక్కలు వస్తున్నయ్ అని. నేనేం చెప్పకపోతుంటి. గిది ఎట్లొచ్చింది బిడ్డా అని అడుగుతుంటి. గంతే."

మేడం ఈసారి నవ్వలేదు. బోర్డు దగ్గరికి వెళ్లి నలభై రెండులో నుంచి పదిహేడు తీసివేత వేసి, కింద జవాబు ముప్పై ఐదు అని రాసింది. "మూడో తరగతి పిల్ల రాసిన జవాబు ఇది. ఈ పిల్లకు ఏం రాదు?"

"తీసివేత రాదు" అన్నాం అందరం ఒక్క గొంతుతో. అంత ఖాయంగా మేం ఆ రెండేళ్లలో ఇంకే జవాబూ చెప్పలేదు.

"తీసివేత వస్తది మేడం" అంది అజీజా బేగం. "పెద్ద అంకెలకెల్లి చిన్న అంకె తీసింది. ఏడుల రెండు తీస్తే ఐదు. నాలుగుల ఒకటి తీస్తే మూడు. ఏది పైన ఉన్నది, ఏది కింద ఉన్నదని చూడలే. చిన్న అంకెలకెల్లి పెద్దది తియ్యరాదని ఎవలో చెప్పి ఉంటరు. ఆ పిల్ల ఆ మాట మంచిగ విన్నది."

మేడం చాక్‌పీసు కింద పెట్టి, "తప్పు జవాబు ఊరికే రాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేదాకా ఎర్ర పెన్ను తియ్యకండి" అంది. గైడులో ఆ వాక్యం లేదు. అందుకని మాలో ఎవరూ రాసుకోలేదు.

ఆమె రాసుకుంది. ఎందులో రాసుకుందో తర్వాత చూశాను. అది ఆమె పాత కొలతల పుస్తకం. ముందు నుంచి తెరిస్తే హాలియా ఆడవాళ్ల పేర్లు, ఛాతీ, భుజం, చేతి పొడవు. సగానికి పైగా ఖాళీ ఉంది. దాన్ని తిరగేసి వెనుక నుంచి మొదలుపెట్టింది. పేజీకి ఒక తప్పు జవాబు. కింద పిల్ల పేరు, వయసు, ఆ జవాబు ఎట్లా వచ్చిందో పిల్ల మాటల్లో. అడిగితే చెప్పలేకపోయిన చోట ఖాళీ వదిలేది. మొదట తన కూతురు ఇఫ్రా చేసిన తప్పులు, తర్వాత వీధిలో పిల్లలవి, బస్సులో పక్క సీటు పిల్లలవి కూడా రాసింది. రోజూ హాలియా నుంచి పొద్దున ఏడింటి బస్సుకు వచ్చేది. బస్సులో ఎవరి పిల్ల పుస్తకం తెరిచినా ఆమె మెడ అటు తిరిగేది.

మంజులత మేడం ఇంకో పని కూడా నేర్పింది. ప్రశ్న అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టాలి, అప్పటిదాకా నోరు మెదపకూడదు. వినడానికి అదేం పెద్ద పని కాదు. నేను ప్రయత్నించాను. మూడు దగ్గర నా నోరు తెరుచుకుంది. పాఠం చెప్పేవాడికి నిశ్శబ్దం అంటే తన తప్పు బయటపడినట్టు ఉంటుంది. అజీజా బేగం మాత్రం పది దాకా హాయిగా నిలబడేది. సూదిలో దారం ఎక్కించే మనిషికి ఆగడం కొత్త కాదు.

ఒకసారి నోట్సు కోసం వాళ్ల ఇంటికి వెళ్లాను. భర్త అబ్దుల్ హమీద్ ట్రాక్టర్ల మెకానిక్కు. చేతులకు గ్రీజుతోనే వాకిట్లో కుర్చీ వేశాడు.

"ఏం సారూ, మా టీచరమ్మ పాసైతదా?"

"అందరికంటే బాగా చదువుతది అన్నా."

"చదువుతది, గది నాకెరికే. నాకేం ఫికర్ లేదు. అంగీ గుండీ ఊడితె కుట్టేటోళ్లు లేరు ఇంట్ల, గదొక్కటే పరేషాన్. టైలర్ పెండ్లాన్ని పెట్టుకొని పిన్నీసు పెట్టుకొని తిరుగుతున్న."

లోపలి నుంచి ఆమె గొంతు వచ్చింది. "పిన్నీసు కూడ నేనే పెట్టిన, గది చెప్పు!"

హమీద్ నవ్వి, మూలనున్న మిషను వైపు గడ్డం చూపించాడు. "ఒక్కపారే చదువుత అన్నది. తప్పితె దుప్పటి తీసి మళ్ల మిషన్ మీదనే కూసుంటదట, ఇగ చదువు పేరెత్తదట. నేనన్న మాట గాదు సారూ, ఆమెదే. ఆమె అన్నదంటె అన్నదే."

వచ్చేటప్పుడు బస్టాండు దాకా తోడు వచ్చింది ఆమె. ఆయన చెప్పింది నిజమేనా అని అడిగాను. నిజమే అంది. బేరాలన్నీ పక్క వీధి టైలరుకు పోయాయి, నడుము ఇంకో రెండేళ్లకు మించి ఆగదు, ఇంట్లో ఇంకోసారి ఈ మాట ఎత్తే మొహం తనకు ఉండదు. "నాకున్నది ఒక్క బట్టనే తమ్మీ. కత్తెర తప్పుపడితె ఇంకో ముక్క లేదు."

రెండో ఏడాది ప్రాక్టీసు పాఠాలు మొదలయ్యాయి. ఊరి చివర ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలకు పదకొండు మందిమి పడ్డాం. ఐదో తరగతిలో ఇరవై ఆరు మంది పిల్లలు. లెక్కల్లో అందరికీ ఒకటే పాఠం, భిన్నాలు. ఎందుకంటే మా కాలేజీలో భిన్నాలకు చార్టు ఉంది. నిజానికి కాలేజీది కాదు, ఎదురుగా ఉన్న సైదులు దుకాణంలోది. సైదులు రికార్డులు రాసిపెడతాడు, చార్టులు గీసిపెడతాడు. ప్రతి బ్యాచీ ఆ చార్టునే కిరాయికి తీసుకుంటుంది. అందులో రెండు రొట్టెలు. ఒకటి నాలుగు ముక్కలు, ఇంకోటి ఎనిమిది ముక్కలు. ప్రతి ముక్కకూ ఒక రంగు, లోపల అంకె.

మేం ఒకరి తర్వాత ఒకరం అదే చార్టు తగిలించి, అదే పాఠం చెప్పాం. నాది ఏడో వంతు. నాకంటే ముందే పిల్లలకు పాఠం వచ్చు. నేను మాట మరిచిపోయి ఆగితే ముందు బెంచీ పిల్లాడొకడు మెల్లగా అందించాడు. "సార్, గిప్పుడు చార్టు చూపెట్టాలె. చూపెట్టి, పిల్లలూ ఇది ఏమిటి అని అడగాలె."

అడిగాను. "రొట్టె!" అన్నారు ఇరవై ఆరు మందీ. సగం పెద్దదా, పావు పెద్దదా? "సగం!" కప్పు ఎగిరిపోయింది. బాలయ్య సార్ వెనుక కూర్చుని నా రికార్డులో 'విద్యార్థులు చురుకుగా పాల్గొన్నారు' అని రాశాడు. నా చరిత్రలో నాకు దక్కిన గొప్ప ప్రశంస అది. దానికి హక్కుదారులు నాకంటే ముందు చెప్పిన ఆరుగురు.

తొమ్మిదోది అజీజా బేగం పాఠం. ఆమె కూడా చార్టు తగిలించింది, రొట్టె అని అనిపించింది. అంతా అయ్యాక, ప్లానులో లేని ప్రశ్న ఒకటి అడిగింది. "పావు వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా?"

కోరస్ రాలేదు. ఈ ప్రశ్న వాళ్లు వినలేదు. ఆమె పది లెక్కపెట్టింది. రెండో బెంచీలో వర్షిత అనే పిల్ల చెయ్యెత్తింది. రెండు జడలు, ఎడమ చేతి నిండా పెన్ను సిరా.

"ఎనిమిదో వంతు టీచర్."

"గట్లనా? ఎందుకు?"

"గదే పెద్దగున్నది గద. చార్టుల చూడుండ్రి."

పిల్లలంతా చార్టు చూశారు. అవునవును అన్నారు. వెనుక నుంచి బాలయ్య సార్ దగ్గాడు, టైమయిందన్నట్టు. ఆమె సరేనని ముగించింది.

పిల్లలు అన్నానికి వెళ్లాక ఆమె సంచిలోంచి టేపు తీసి చార్టును కొలిచింది. నాలుగు ముక్కల రొట్టె అడ్డంగా ఎనిమిది అంగుళాలు. ఎనిమిది ముక్కల రొట్టె పదహారు.

"నవీన్, ఇటు రా" అంది. "లెక్క చెయ్యి."

చేశాను. ఆ చార్టు మీద ఎనిమిదో వంతు నిజంగానే పావుకు రెట్టింపు ఉంది. ఆ పిల్ల కళ్లతో చూసింది సరిగ్గా చెప్పింది. ఎన్నేళ్ల నుంచి ఎన్ని బ్యాచీలు ఈ చార్టు పట్టుకుని ఎన్ని బళ్లలో నిలబడ్డాయో! చూసిన పిల్లలు తప్పు నేర్చుకున్నారు, చూడకుండా అరిచిన పిల్లలు మార్కులు తెచ్చిపెట్టారు. మేం టీచర్లం అవుతున్నాం.

సాయంత్రం సైదులు దుకాణానికి వెళ్లాం. అతను బ్రష్షు ఆపకుండానే విన్నాడు.

"ఎనిమిది ముక్కలకు ఎనిమిది రంగులెయ్యాలె, లోపట అంకెలు రాయాలె. చిన్న రొట్టె గీస్తె ఎన్క బెంచోళ్లకు ఏం కనవడతది మేడం?"

"రెండూ పెద్దగ గియ్యరాదా?"

"రెండు పెద్దయి ఒక్క షీటుల పట్టయి. పదిహేనేండ్ల సంది గీస్తున్న. లెక్చరర్లు చూసిండ్రు, తనిఖీకి వచ్చినోళ్లు చూసి శభాష్ అన్నరు. ఒక్కలన్న అడిగిండ్రా?"

"ఒక పిల్ల అడిగింది అన్నా" అంది అజీజా బేగం.

సైదులు బ్రష్షు ఆపాడు. కొంచెంసేపు చార్టును చూశాడు. "తప్పే గావొచ్చు. కని ఇప్పుడు మారిస్తె మీ బాలయ్య సారే నన్ను తిడతడు. ఫైనల్ లెసన్లకు అందరు దీన్నే రాసిచ్చిండ్రు."

ఆ మాట నిజమే. ఫైనల్ లెసన్‌కు బయటి ఎగ్జామినరు వస్తాడు. ఇందులో తప్పితే ఆ ఏడాది పోయినట్టే. అందుకే బాలయ్య సార్ పదకొండు మందికీ ఒకే పాఠం, ఒకే చార్టు, అదే తరగతి ఇప్పించాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరూ తప్పకూడదన్నదే ఆయన ఆలోచన. అజీజా బేగం వెళ్లి, పాఠం భిన్నాలే చెప్తాను గాని చార్టు వద్దు, మూడో వంతు, ఏడో వంతు చెప్తాను అంది. 

"ఎందుకమ్మా గీ తిప్పలు?" అన్నాడు సార్. "పిల్లలకు రొట్టె నోటికొచ్చి ఉన్నది. నీ పని అడుగుడు, వాళ్ల పని చెప్పుడు. ఇరవై నిమిషాలల్ల ఖతం."

"వాళ్లకు రొట్టె వచ్చు సార్. వంతు రాదు."

"పరీక్ష నీదా, వాళ్లదా?"

ఆమె మనసులో పది లెక్కపెట్టిందో ఏమో. "నాదే సార్. అందుకే నేను చెప్పే పాఠం నేను చెప్పాలె" అంది. సార్ చేతులెత్తేసి, రాతపూర్వకంగా ఇమ్మన్నాడు. తప్పితే బాధ్యత తనదేనని తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం చూసి నాకు భయం వేసింది, ఆమెకు వేయలేదు. లేక వేసినా, కత్తెర పట్టుకున్నప్పుడు చెయ్యి వణకకూడదని తెలిసిన మనిషి కాబట్టి కనిపించనివ్వలేదు.

ఫైనల్ రోజు ఎగ్జామినరు పాలమూరు నుంచి వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు. చేతిలో మార్కుల షీటు, మెడలో మఫ్లరు. మాలో ఆరుగురి పాఠాలు అయ్యాయి. ఆరుసార్లు రొట్టె, ఆరుసార్లు సగం. నాదీ అందులోనే ఉంది. ఆయన నా రికార్డు మీద గుడ్ అని రాశాడు.

ఏడోది ఆమె. చార్టు లేకుండా లోపలికి వచ్చేసరికి పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు బెంచీ పిల్లాడు గుసగుసగా, "టీచర్, చార్టు మర్సిపోయినవ్" అన్నాడు.

"మర్సిపోలే" అంది ఆమె. బోర్డు మీద మూడో వంతు, ఏడో వంతు రాసింది. "ఏది పెద్దది?"

"ఏడో వంతు!" సగం తరగతి.

ఎగ్జామినరు తల ఎత్తాడు. తలుపు దగ్గర బాలయ్య సార్ కళ్లు మూసుకున్నాడు.

"ఎందుకు?"

ఎవరూ మాట్లాడలేదు. ఆమె ఆగింది. నేను వెనుక బెంచీలో కూర్చుని లెక్కపెట్టాను, పదకొండు దాకా వెళ్లింది. అప్పుడు వర్షిత లేచింది. "చార్టుల ఎక్కువ ముక్కలున్నదే పెద్దగుండె టీచర్."

"మంచిగ చూసినవ్" అంది అజీజా బేగం. సంచిలోంచి లైనింగు బట్ట పీలికలు తీసింది. అన్నీ ఒకే పొడవు. ఇద్దరికి రెండు చొప్పున పంచింది. "ఒకదాన్ని మూడు సమానం భాగాలు చెయ్యిండ్రి. ఇంకోదాన్ని ఏడు. మడిచి చూపెట్టుండ్రి."

మూడు మడతలు తంటాలు పడి వచ్చాయి. ఏడు రాలేదు. సగానికి మడిస్తే రెండు, మళ్లీ మడిస్తే నాలుగు, మళ్లీ మడిస్తే ఎనిమిది. ఏడు ఎక్కడా తగలదు. పిల్లలు గోల మొదలుపెట్టారు. "ఏడు రాదు టీచర్, ఎనిమిదొస్తది." "మాది ఆరు, ఒకటి కుంటిది." "వీడు గుంజుతున్నడు టీచర్, బట్ట సాగింది!"

ఆమె పొరపాటు నాకు అప్పుడు అర్థమైంది. ఇంట్లో కోతబల్ల మీద ఈ పాఠం చేసి చూసుకుంది. టేపు పెట్టి, సుద్దతో ఏడు గీతలు గీసి ఉంటుంది. పద్నాలుగేళ్లు టేపు మెడలో వేసుకున్న మనిషికి టేపు లేని చేతులు ఎట్లా కొలుస్తాయో తోచలేదు. ఆమెకు కూడా అదే క్షణంలో తెలిసినట్టుంది. చెయ్యి మెడ దగ్గరికి పోయి, అక్కడ టేపు లేక ఆగింది. 

ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయి. బాలయ్య సార్ తలుపు దగ్గర నుంచి పెదవులతోనే చెప్తున్నాడు. చెప్పెయ్, చెప్పెయ్. ఒక్క వాక్యం చాలు. ఎక్కువ భాగాలైతే వంతు చిన్నది, చెప్పండి పిల్లలూ. ఇరవై ఆరు గొంతులు అరుస్తాయి, పాఠం ముగుస్తుంది, మార్కుల షీటులో మూల్యాంకనం గడిలో టిక్కు పడుతుంది. ఆమె సార్‌ను చూసింది. చూసి, నేల మీద కూర్చుని, బట్టతో కుస్తీ పడుతున్న ఇద్దరు పిల్లల పక్కకు జరిగి, "ఎట్ల మడుస్తున్నరో నాకు చూపెట్టుండ్రి" అంది.

గంట కొట్టారు. బోర్డు మీద ప్రశ్న అట్లాగే ఉంది.

ఎగ్జామినరు ఆమెను వరండాలోకి పిలిచాడు. నేను నీళ్ల కుండ దగ్గర నిలబడి విన్నాను.

"పాఠం కాలేదు గదమ్మా."

"కాలేదు సార్."

"ఒక్క మాట చెప్తే అయిపోతుండె. ఎందుకు చెప్పలే?"

"చెప్తే రాసుకుంటుండ్రి సార్. నమ్మకపోతుండ్రి. వాళ్లు చూసింది ఒకటి, నేను చెప్పేది ఒకటి అయితె, నేను పోయినంక వాళ్లు చూసిందే మిగులుతది."

"ఏడు మడతలు రావని ముందుగాల చూసుకోలేదా?"

"చూసుకోలే సార్. నేను టేపుతోని చూసుకున్న. గది నా తప్పు."

ఆయన మఫ్లరు సవరించుకున్నాడు. "ముగింపు గడిల సున్నా పెట్టక తప్పదు నాకు. మూల్యాంకనం గడిల కూడ. మిగిలిన గడులు నా ఇష్టం" అని, లోపలికి వెళ్లబోతూ ఆగి, కొలతల పుస్తకం చూపించమన్నాడు. బాలయ్య సార్ చెప్పాడో, ఆమె బల్ల మీద చూశాడో తెలియదు. వెనుక నుంచి తెరిచి, నిలబడే ఆరేడు పేజీలు చదివాడు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చాడు.

మార్కులు రెండు నెలలకు వచ్చాయి. పదకొండు మందిలో ఆఖరు ఆమె. పాస్ కావడానికి కావలసిన దానికంటే మూడు ఎక్కువ. నాకు ఆమె కంటే ముప్పై ఒకటి ఎక్కువ వచ్చాయి. ఆ మార్కుల మెమో నా దగ్గర ఇంకా ఉంది, ఎవరికైనా చూపించాలంటే సిగ్గేస్తుంది. ఆమె ఆ తర్వాత డీఎస్సీ రాసింది. ఇప్పుడు దేవరకొండ వైపు ఒక తండా బడిలో టీచరు. సైదులు చార్టును మాత్రం తర్వాతి బ్యాచీ కిరాయికి తీసుకుంది.

కానీ మార్కులు వచ్చేదాకా ఆమె ఆగలేదు. ఫైనల్ లెసన్ అయ్యాక ఆ బడి గడప తొక్కినవాళ్లు మా కాలేజీ చరిత్రలో ఎవరూ లేరు. ఆమె మర్నాడు పొద్దునే ఏడింటి బస్సుకు వచ్చింది. పీలికలు పట్టుకోవడానికి మనిషి కావాలని నన్నూ రమ్మంది. క్లాసు టీచరును బతిమాలి అరగంట తీసుకుంది. పిల్లలు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయారు.

"పరీక్ష అయిపోయింది గద టీచర్! మళ్లెందుకొచ్చినవ్?"

"పరీక్ష అయిపోయింది. పాఠం అయిపోలే."

వర్షిత చెయ్యెత్తింది. నిన్నటి పీలిక ఇంటికి తీసుకుపోయిందట. తీసి చూపించింది. ఒకదాని మీద ఒకటి, ముందుకూ వెనక్కూ, సమానంగా ఏడు మడతలు.

"పొద్దుగాల మా అమ్మ చీర కట్టుకుంటుంటె చూసిన టీచర్. కుచ్చిళ్లు పోస్తది గద, గట్ల పోసిన. ఏడు గావాలంటె ఏడు, తొమ్మిది గావాలంటె తొమ్మిది. వేళ్లతోని సరిజేసుకోవాలె, గంతే."

అజీజా బేగం ఆ మడతల్ని చేతిలోకి తీసుకుంది. వేలితో ఒక్కొక్కటీ తడిమి చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. "పద్నాలుగేండ్లు బట్టతోనే బతికిన బిడ్డా! కుచ్చిళ్లు నా యాదికి రాలే."

మూడు మడతల పీలిక పక్కన ఏడు మడతల పీలిక పెట్టింది. ఏమీ అడగలేదు. ఎవరూ అరవలేదు. వర్షిత వంగి చూసింది, ఒక మడత మీద ఇంకో మడత పెట్టి చూసింది.

"ఏడో వంతు చిన్నది" అంది, తనకు తానే చెప్పుకున్నట్టు. ఆగి, బోర్డు పక్కన మేకు వైపు, చార్టు తగిలించే చోటు వైపు చూసింది. "ఆ చార్టుల రొట్టెనే పెద్దది టీచర్. వంతు పెద్దది గాదు. రెండు రొట్టెలు ఒక్క తీరుగ గీయకపోతె ఎట్ల తెలుస్తది?"

వెనుక నుంచి ఒకడు, "ఐతె నూరో వంతు సూడనీకె కూడ కనవడదు!" అన్నాడు. ఇంకొకడు, కనపడుతుంది, పీలిక పొడుగ్గా ఉండాలి అన్నాడు. పోట్లాట మొదలైంది. అజీజా బేగం పుస్తకం తీసి, వర్షిత పేరు రాసి, కింద ఆమె మాటలు రాసుకుంది. తర్వాత సుద్దముక్క ఆ పిల్ల చేతిలో పెట్టి, అందరికీ కుచ్చిళ్లు పోయడం చూపించమంది. తను వెళ్లి ఆఖరు బెంచీలో, నా పక్కన కూర్చుంది.

వర్షిత బోర్డు ముందు నిలబడి, పీలిక పైకెత్తి పట్టుకుని, మొదటి మడత వేసింది. తరగతి అంతా వేసింది. ఆ పిల్ల మా వైపు చూసి ఆగిపోయింది.

"టీచర్, ఊకె సూసుడు గాదు. నువ్వు కూడ మడువు. సార్, నువ్వు కూడ."